లావుకాళ్ళ దీపం

మౌలాలికి బోధ కావాలి. వేరే కోరికేదీ లేదు.

కర్నూలులో పెళ్ళిళ్ళకూ నాటకాలకూ లైట్లు కట్టే పని మానుకుని, మిట్ట మీది దర్గాకు వచ్చి అక్కడే ఉండిపోయిన మనిషి. పొద్దున్నే వాకిలి ఊడుస్తాడు. నీళ్ళు తోడిపెడతాడు. సాయంత్రం తత్వాలు పాడేటప్పుడు అందరికంటే ముందు గొంతు కలుపుతాడు. తన తర్వాత వచ్చినవాళ్ళను కూడా దర్గా గురువు హుసేనప్ప తాత పక్కన కూర్చోబెట్టుకుని, తలమీద చెయ్యిపెట్టి, చెవిలో ఆ ఒక్క మాట చెప్పి పంపుతున్నారు. మౌలాలి దాకా మాత్రం ఆ చెయ్యి రావడం లేదు.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాడు.

"తాతా, నా వంతు ఎప్పుడు?"

హుసేనప్ప తాత చాపమీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నారు. కాయ నొక్కుతూనే గోడవైపు చూశారు.

"గంధం పండుగకు ఆ గోడ వెలిగించు నాయనా. తర్వాత కూర్చుందాం."

మౌలాలి ముఖం విప్పారింది. బోధకు ఇంత సులువైన దారి ఎవరికి దొరికింది? తన చేతిలో పనే కదా!

ఇదంతా మా చిన్నమ్మ మాబున్ని చెప్పగా విన్నది. ఆమె చెప్పిన వరసలోనే చెబుతున్నాను.

ముందు ఆ గోడ సంగతి చెప్పాలి. మా వైపు ఎక్కడ తవ్వినా నాపరాయే. ఇంటి నేల అదే, కప్పు అదే, పశువుల తొట్టీ అదే. దర్గాలో పూర్వపు గురువులు తాము కట్టిన తత్వాలను నాపరాతి పలకల మీద చెక్కించి, లోపలి గోడకు వరసగా నిలబెట్టించారు. మొత్తం ఎనిమిది పలకలు. తెలుగు అక్షరాలే, కానీ లోతు తక్కువ. ఎదురుగా ట్యూబులైటు కొడితే రాయంతా ఒకటే బూడిదరంగు, అక్షరం కనబడదు. పైనుంచి వాలుగా వెలుగు పడితే మాత్రం ప్రతి గీతకూ నీడ వచ్చి అక్షరం లేచి నిలబడుతుంది.

ఒక్కో పలక కింద ఒక్కో ఊరివాళ్ళో, ఒక్కో ఇంటివాళ్ళో కూర్చోవడం అలవాటు. మొక్కు తీరినవాళ్ళు తమ పలకకు దీపం ఇచ్చుకుంటారు. ఒకరు మొక్కుకున్న పలకకు ఇంకొకరు దీపం పెట్టరు. వెనకటికి ప్రమిదలు, నూనె. రాతికి మసి పడుతోందని ఇప్పుడు చిన్న చిన్న ఎల్ఈడీ స్పాట్ లైట్లు పెట్టాలనుకున్నారు.

"పన్నెండు వోల్టులవే పెడదాం తాతా," అన్నాడు మౌలాలి. "పండుగకు పలకలు కడుగుతారు. తడి చేతులతో పిల్లాజెల్లా తడుముతారు. ఇంటి కరెంటు రెండువందల ముప్పై. దాని జోలికి పోవద్దు."

"మంచి మాట," అన్నారు తాత.

పన్నెండు వోల్టులు కావాలంటే మధ్యలో ఒక డబ్బా ఉండాలి. ఇంటి కరెంటు తీసుకుని, తగ్గించి, దీపాలకు పంచే డబ్బా. అది మౌలాలి దగ్గర ఉండనే ఉంది. వెనకటి హాలోజెన్ దీపాల కాలం నాటిది. ఎన్ని పెళ్ళిమండపాలు వెలిగించిందో! దాన్ని గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. బయటికి తీసి, తుడిచి, తాతకు చూపించాడు.

"ఇది రెండువందల వాట్లు మోస్తుంది తాతా. మన దీపాలు ఒక్కోటి ఐదు వాట్లు. దీని ముందర అవి దోమలు."

తాత ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశారు.

మౌలాలి అందరికీ గట్టిగానే చెప్పాడు. "వెనక పిన్నుల్లాంటి సన్నకాళ్ళు రెండున్నది. పన్నెండు వోల్టులు. ఐదు వాట్లు. పసుపు వెలుగు. ఇంకోరకం తెస్తే నేను ముట్టను."

ఊళ్ళవాళ్ళు ఆ మాటే అంగళ్ళలో అప్పజెప్పి తెచ్చారు. మొదటి మూడు దీపాలు దూలానికి బిగించి, మౌలాలి స్విచ్చి వేశాడు. అవి వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి. ఒకటే టపటపలు.

మొదటి పలక కింద కూర్చునే సిలార్ తాత బోసినోటితో నవ్వాడు. "ఏం మౌలాలీ, ఈ వయసులో నాకు కన్నుకొడుతున్నాయేందప్పా నీ దీపాలు?"

"చవకరకం తెచ్చినారు పెద్దాయనా. అన్నీ రానీ, సర్దుకుంటాయి."

ఏడు వచ్చాయి. ఏడూ కన్నుకొట్టాయి.

లోపం ఎక్కడుందో మౌలాలికి తెలియక కాదు. లైట్లు కట్టి బతికిన మనిషి. తెలిసినా ఆ డబ్బా వైపు చూడబుద్ధి కాలేదు. దీపాలనే ఒక్కొక్కటీ పీకి, తుడిచి, మళ్ళీ పెడుతూ ఉన్నాడు.

మా చిన్నమ్మ దీపం తెచ్చింది సరిగ్గా ఆ సమయానికే.

చిన్నమ్మ వాళ్ళది పరుపులు కుట్టే ఇల్లు. అంతకుముందు వేసవిలో ఖాసిం చిన్నాయన చెయ్యి దూది ఏకే యంత్రంలో పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ, ఇక గుప్పిట మూసుకోవడం కష్టమేనన్నారు ఆసుపత్రిలో. పట్టు లేని చేత్తో పరుపు పని ఏం చేస్తారు? సూది అందదు, తాడు బిగియదు. "ఈ చెయ్యి మూసుకుంటే ఈ ఏడే ఐదో పలకకు దీపం ఇస్తా," అని చిన్నమ్మ మొక్కుకుంది. చలికాలం పోయేసరికి చేతివేళ్ళు మెల్లగా మడతపడ్డాయి. దూదికోసం ఆదోనికి పోయినప్పుడు అక్కడి అంగట్లో దీపం కొనుక్కొచ్చింది. ఇంట్లో ఫాతెహా చదివించి, ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, మల్లెపూలు పెట్టి తీసుకొచ్చింది.

"చూడు తమ్ముడూ, వాటికి అచ్చు తోబుట్టువే," అని ముందుకు చాపింది.

నిజమే. ముఖం చూస్తే అదే గుండ్రం, అదే అద్దం. మౌలాలి వెనక్కి తిప్పి చూశాడు.

"ముఖం కాదక్కా, కాళ్ళు చూడాలి. ఇవి లావుకాళ్ళు. నా హోల్డర్లలో దూరవు. పెట్టి మెలితిప్పే రకమిది. ఇది నేరుగా ఇంటి కరెంటు తాగుతుంది. నా పన్నెండు వోల్టులకు కన్ను కూడా తెరవదు."

"ఫాతెహా చదివించినానప్పా."

"ఫాతెహాకు వోల్టులు తగ్గవక్కా."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. చిన్నమ్మ నవ్వలేదు.

"అంగడాయన మారుస్తాడులే. పోయి సన్నకాళ్ళది తీసుకురా."

"పీరుకు ఇచ్చేసిన దాన్ని మళ్ళీ అంగడికి ఎట్ల ఇస్తా? ఇంట్లో పెట్టుకునేదానికి కూడా లేదు. కాళ్ళు చూడాలని నాకేం తెలుసు? ముందు దేవుని పేరు చదివించాలని తెలుసు, చదివించినా."

"అయితే వచ్చే గంధానికి చూద్దాం."

"ఈ ఏడే ఇస్తానన్నా తమ్ముడూ. చెయ్యి ఇచ్చినప్పుడు ఆయన వచ్చే ఏటికి చూద్దామనలేదు."

గడప బయట చిన్నాయన నిలబడి ఉన్నాడు. చెప్పులు రెండూ ఆ చేత్తోనే పట్టుకున్నాడు. కొత్తగా వచ్చిన పట్టు కదా, దేన్నీ వదలబుద్ధి కాదు ఆయనకు.

మౌలాలి నిచ్చెన ఎక్కాడు. చిన్నమ్మ దీపాన్ని తాత చాప పక్కన పెట్టి, సలాం చేసి వెళ్ళిపోయింది.

మర్నాడు మౌలాలికి ఉపాయం తట్టింది. దర్గాలో ఓ వారగా పెద్ద రాతిస్తంభం ఉంది. దాని వెనక మూల ఎవరికీ కనబడదు. పెట్టెలోంచి పాత హాలోజెన్ దీపాలు రెండు తీశాడు. ఒక్కోటి యాభై వాట్లు. వాటిని ఆ మూల దూలానికి కట్టి, అదే డబ్బాకు కలిపాడు. స్విచ్చి వేశాడు. ఏడు దీపాలూ నిలకడగా వెలిగాయి. కదలిక లేదు. ఏడు పలకల మీద అక్షరాలు లేచి నిలబడ్డాయి.

సిలార్ తాత మొదటి పలక మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతూ, "ఓరి నీ బుద్ధి బంగారం గానూ!" అన్నాడు.

మౌలాలి హుసేనప్ప తాత దగ్గరకు పరుగున వచ్చాడు.

"గోడ వెలిగింది తాతా."

"ఐదోది?"

"అదొక్కటే. అది మన లోపం కాదు తాతా. చెప్పినట్టు తేలేదు వాళ్ళు."

తాత చాప పక్కనున్న దీపాన్ని ఆకుపచ్చ గుడ్డతో సహా తీసుకుని లేచారు. సాయంత్రం తత్వాలకు జనం కూర్చుంటున్నారు. గోడ ముందు, నడిమధ్య, తాత కోసం జంపఖానా పరిచి ఉంది. తాత దాన్ని దాటి వెళ్ళిపోయారు. స్తంభం వెనక్కి పోయి, ఆ మూల కూర్చున్నారు.

జనం చూశారు. వస్తారేమోనని ఆగారు. రాలేదు. మౌలాలి వెళ్ళాడు.

"తాతా, ఇక్కడ కూర్చున్నారేంది? మీ చోటు అక్కడ."

"ఈ దీపాల కింద ఎవ్వరూ కూర్చోలేదు నాయనా. ఇంత వెలుగు ఇస్తున్నాయి, పాపం. తోడుగా ఉందామని వచ్చినా."

"కూర్చునేదానికి కాదు తాతా అవి."

"మరి ఎవరికోసం?"

మౌలాలి తల దించుకున్నాడు. అబద్ధం చెప్పే చోటు కాదది.

"ఎవరికోసమూ కాదు. డబ్బా కోసం."

"డబ్బాకు చీకటయిందా?"

"చీకటి కాదు తాతా. చిన్న దీపాలు తాగేది తక్కువ. ఏడూ కలిసినా ముప్పై అయిదు వాట్లు. అరవై అన్నా మీద పడకపోతే ఆ డబ్బా సరిగా లేవదు. పెద్ద దీపాల కోసం చేసింది అది. అందుకని ఈ రెండూ పెట్టినా. ఇవి తాగుతా ఉంటే అది నడుస్తుంది."

"ఓహో!" అన్నారు తాత.

ఆ మూల గోడమీద పలక లేదు, అక్షరం లేదు. సున్నం పెచ్చులూడిన వట్టి గోడ. దర్గా మొత్తంలో అంత వెలుగు ఇంకెక్కడా లేదు. హాలోజెన్ వేడికి తాత నుదుట చెమట పట్టింది. తుడుచుకోలేదు. చిన్నమ్మ దీపం ఆయన ఒళ్ళో ఉంది.

"పాడండి నాయనా. నేను ఇక్కడినుంచే వింటా."

పాడారు. ఒక్కో పలక వాళ్ళు తమ తత్వం ఎత్తుకోవడం, మిగతావాళ్ళు అందుకోవడం అక్కడి వరస. నాలుగూ అయ్యాయి. ఐదో పలక చీకట్లో ఉంది. దాని కింద చిన్నమ్మా చిన్నాయనా ఇద్దరే. చిన్నమ్మ మొదటి చరణం అంది. రెండోది అంది. మూడో చరణం దగ్గర ఆగిపోయింది. తలెత్తి చూసింది, రాయి తప్ప ఏమీ కనబడలేదు.

స్తంభం వెనకనుంచి తాత గొంతు ఆ చరణాన్ని అందుకుంది.

మౌలాలి ఇటూ కాదు, అటూ కాదు, మధ్యలో నిలబడి ఉన్నాడు. అందరికంటే ముందు గొంతు కలిపేవాడు, ఆ సాయంత్రం నోరు విప్పలేదు.

పాటలయ్యాక స్విచ్చి ఆపేశాడు. హాలోజెన్ దీపాలు చల్లబడేదాకా కిందే కూర్చుని, తర్వాత వాటిని విప్పాడు. డబ్బాను కూడా విప్పాడు. గుడ్డ తేలేదు దానికి. వట్టి చేత్తోనే తీసుకుపోయాడు.

పొద్దున్నే కర్నూలు బస్సెక్కాడు. అంగట్లో పాత స్నేహితుడు కరీముల్లా ఎగాదిగా చూశాడు.

"పెళ్ళిమండపాల దొరకు ఇంత చిన్నది ఎందుకప్పా? నీ డబ్బా ఏమైంది?"

"దానికి పెళ్ళిళ్ళే కావాలంట. మాకు ఇది చాలు."

ఎల్ఈడీల కోసమే చేసిన పన్నెండు వోల్టుల పవర్ సప్లై ఒకటి తీసుకున్నాడు. అరవై వాట్లది. దీపాలు తాగేదానికంటే కొంత మిగులు ఉండాలి, అంతే. ఐదు వాట్లు అడిగితే ఐదు ఇస్తుంది, ముప్పై అయిదు అడిగితే ముప్పై అయిదు ఇస్తుంది. దూరంగా ఉన్న దీపం నీరసపడకుండా కొంచెం లావు తీగ తీసుకున్నాడు. ఆ తర్వాత, "లావుకాళ్ళ దానికి మెలితిప్పే హోల్డరు ఒకటి ఇయ్యి. చుట్టూ మూతపడే ఇనుప గూడుతో," అన్నాడు.

"రెండు రకాలా? ఒకే గోడకు?"

"ఒకే గోడకు."

వచ్చి రెండు రోజులు నిచ్చెన దిగలేదు. ఐదో పలక పైన, ఎవరి చెయ్యీ అందని ఎత్తున, ఆ గూడు బిగించాడు. దానికి వేరే లైను లాగి, తీగను పైపులో నడిపి, ఎర్తు కలిపి, వేరే స్విచ్చి పెట్టాడు. పలకలు కడిగేటప్పుడు ముందు ఆ స్విచ్చి ఆపాలని దర్గాలో ఉండేవాళ్ళందరికీ చూపించాడు.

తర్వాత తనే చిన్నమ్మ ఇంటికి పోయాడు. గడప దగ్గర దూది ఎగురుతోంది. చిన్నాయన పరుపు కుడుతున్నాడు.

"అక్కా, బావా, రండి. హోల్డరు వచ్చింది."

చిన్నమ్మ ముఖం తిప్పుకుంది. "ఫాతెహాకు వోల్టులు తగ్గినాయా?"

"తగ్గలేదక్కా. నేనే ఇంకో తీగ లాగినా."

ఆ మాటకు చిన్నమ్మకు నవ్వొచ్చింది. కొంగుకంటిన దూది దులుపుకుని లేచింది.

మౌలాలి మెయిన్ ఆపి, నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డాడు. "బావా, నువ్వే ఎక్కు. కాళ్ళు రెండూ లోపల పెట్టి, కుడివైపుకు తిప్పు."

చిన్నాయన ఎక్కాడు. ఎడమ చేత్తో దూలం పట్టుకున్నాడు. దెబ్బ తగిలిన చేతిలోకి దీపం తీసుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటిగా దాని చుట్టూ మూసుకున్నాయి. మెల్లగా తిప్పాడు. టిక్కుమంది. పైనే కాసేపు అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు.

"వదులు బావా, పడదు," అన్నాడు మౌలాలి.

స్విచ్చి వేశారు. ఐదో పలక మీద అక్షరాలు లేచాయి. మూడో చరణం చిన్నమ్మ పైకి చదివింది. తాత తమ చోట్లోనే కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నారు. కిందనుంచి చూస్తే ఎనిమిది దీపాలదీ ఒకే ముఖం.

గంధం నాడు దర్గా కిక్కిరిసింది. ఊరేగింపు వచ్చింది, గంధం ఎక్కింది, గోడంతా వెలుగుతోంది. ఈ పూట మౌలాలికి బోధ అవుతుందని అందరికీ తెలుసు. చిన్నమ్మ మల్లెపూలు కూడా తెచ్చి పెట్టింది.

పాటలు మొదలవబోతుంటే జనంలోంచి తోసుకుంటూ ఒక ఆటో అతను వచ్చాడు. పత్తికొండ వైపు మనిషట. చేతిలో ఆటో ముందుండే దీపం ఉంది. చుట్టూ ఇనుప రేకు, వెనక వేలాడే మూడు తీగలు.

"నా ఆటో బోల్తాపడింది సామీ. అంతా నుజ్జయింది. నేనూ, ఇదీ మిగిలినాం. ఎక్కడైనా పెట్టండి," అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇంక ఆటో చక్రాలు కూడా తెస్తారు మౌలాలీ, చూసుకో!"

అందరూ మౌలాలి వైపు చూశారు. మౌలాలి ఆ దీపాన్ని రెండు చేతులా అందుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు. కాళ్ళు చూడలేదు, తిప్పలేదు.

"ఏ పలక కింద కూర్చుంటావన్నా?"

"మొదటిసారి వచ్చినా. నాకు పలక లేదు."

"అయితే నా పక్కన కూర్చో."

అప్పుడు తాత చెయ్యి ఊపి మౌలాలిని పిలిచారు. మౌలాలి దీపంతోనే పోయి మోకాళ్ళమీద కూర్చున్నాడు. తాత అతని తలమీద చెయ్యిపెట్టి, చెవి దగ్గరకు వంగి ఏదో అన్నారు.

"చేస్తాను తాతా," అన్నాడు మౌలాలి. కళ్ళనిండా నీళ్ళు.

బోధ అయిపోయిందని పెద్దవాళ్ళు అల్లా పేరు తలుచుకున్నారు. చిన్నమ్మ మల్లెపూలు తెచ్చి అతని చేతుల్లో పోసింది. మనసాగక, మెల్లగా అడిగింది కూడా.

"అడక్కూడదు గానీ తమ్ముడూ, ఏం మాట చెప్పినారు?"

"దీనికి హోల్డరు ఉందా అని అడిగినారక్కా."

"మరి బోధ?"

మౌలాలి అప్పటికే నిచ్చెన కోసం లేచాడు.